కావలికన్ను, పొంచినకన్ను



యాత్ర యనగా దేవళములను, కోనేళ్లను, కొండలను చూచి వచ్చుట మాత్రమే కాదు. ఒక సీమలోని జనులు ఏల యట్లు నడచుకొందురో, ఎవరిని చూచి వెఱతురో, ఎవరిని చూచి ధైర్యము పొందుదురో గమనించుటయు యాత్రలో భాగమే. ఈ దసరా సెలవులలో కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల యను మూడు పట్టణములను చుట్టి వచ్చితిమి. మూడింటను నా మనస్సున నాటుకొన్నది ఒక్కటియే. అది చూపు. ఒకచోట బంగారమును కాచు చూపు, ఒకచోట కోటను కాచు చూపు, ఒకచోట పగవాని జాడ తీయు చూపు. తన్ను ఎవరో చూచుచున్నారని తెలిసిన మనుష్యుని నడవడి మారును. చూచువారెవరో తెలియనిచో మఱింత మారును. ఆ మార్పు ఎప్పుడు మేలగును, ఎప్పుడు కీడగును అని దారి పొడుగునను ఆలోచించుచు వచ్చితిని.

ప్రొద్దుటూరు పెన్న యొడ్డున నున్న వర్తకపు పట్టణము. బంగారమునకును వస్త్రములకును పేరుగన్నది. పసిడిపురి యనియు, రెండవ బొంబాయి యనియు జనులు మురిపెముగ పిలుతురు. ఇచ్చటి అమ్మవారిశాలలో వాసవీ కన్యకాపరమేశ్వరికి జరుగు దసరా ఉత్సవములకు దూరపుటూళ్ల నుండి జనము వచ్చును. ఆ తల్లి కథ మీకందఱకు తెలిసినదే. పెనుగొండలో రాజు కన్ను తనపై పడగా, ఆ చూపునకు లొంగక అగ్ని చొచ్చిన కన్యక యామె. బంగారమును రేయింబవళ్లు కాచుకొను వర్తకుల కులదేవత, అధికారి చూపునకు తలవంచని ఆడుబిడ్డ యగుట తలపోయదగిన విషయము.

కమ్మలు మార్పించుటకై ఒక దుకాణములోనికి పోయితిమి. మధ్యాహ్నమగుటచే బేరములు లేవు. ఇరువది యేండ్లు నిండని పిల్ల యొకతె గాజుపెట్టె వెనుక నిలుచుండెను. ప్రక్కన పీట యున్నను కూర్చుండదు. బరువును ఒక కాలిమీది నుండి మఱొక కాలిమీదికి మార్చుకొనుచున్నది. "కూర్చో తల్లీ, ఎవరును లేరు గదా" యంటిని. ఆ పిల్ల తల యెత్తలేదు. కన్నులు మాత్రము కప్పు మూలకు త్రిప్పి, "సారు ఇంట్లో ఉండి ఫోన్లో చూస్తాడు మ్మా. ఇప్పుడు చూస్తాండాడో లేదో మాకు తెలీదు. అందుకే కూర్చోం" అని మెల్లగ చెప్పినది. యజమాని ఆ వేళ భోజనము చేసి నిదురపోవుచుండెనేమో! ఆయన నిదురించినను ఆ పిల్ల కాళ్లకు విశ్రాంతి లేదు. ఎవరును చూడని వేళ గూడ పనిచేయు చూపు అది. ఇట్లు దినమెల్ల నిలుచుండువారి కొఱకే కేరళ రాష్ట్రమున 2018లోను, తమిళనాడున 2021లోను దుకాణపు పనివారికి కూర్చుండు హక్కును చట్టముగ చేసిరి.

సీసీ కెమెరా వలన మేలు లేదని నేననను. తులము బంగారము కనుమూసి తెఱచునంతలో మాయమగు చోట కావలి యుండవలసినదే. ఉమ్మడి రాష్ట్రమున 2013లో వచ్చిన ప్రజాభద్రతా చట్టము, జనము గుమిగూడు స్థలములలో కెమెరాలు పెట్టవలెననియు, వాని చిత్రములను 30 దినములు దాచి యుంచవలెననియు విధించినది. దొంగ దొరకినప్పుడు ఆ చిత్రమే సాక్ష్యము. అయినను ఒక సంగతి మఱవరాదు. కొనుదాని చేతిని, అమ్ముదాని చేతిని చూచుటకు ఆ దుకాణమున కన్నులున్నవి. చీటీలో తరుగు ఎంత వేయుచున్నారో చూచుటకు మాత్రము మన కన్నులే దిక్కు! చూపు ఎప్పుడును పైనుండి క్రిందికే ప్రవహించుచున్నది గాని, క్రిందినుండి పైకి ఎక్కుట లేదు.

ఆ దుకాణపు గుమ్మమున బూడిదగుమ్మడికాయయు, కోఱలు తీర్చిన దృష్టిబొమ్మయు వ్రేలాడుచుండెను. నరుని కంటికి నల్లరాయి పగులునని మన పెద్దలందురు. బొమ్మ కన్నులకు శక్తి యేమని నవ్వుకొనువారు ఒక చిన్న పరీక్షను వినవలెను. ఇంగ్లాండులోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయమున కొలువుకాండ్రు టీ, కాఫీలు త్రాగి, వెలను తామై ఒక పెట్టెలో వేయు నేర్పాటుండెను. పరిశోధకులు ఆ పెట్టెపైన ఒక వారము పూవుల పటమును, మఱు వారము మనుష్యుని కన్నుల పటమును అతికించి చూచిరి. కన్నులున్న వారములలో పెట్టెలో పడిన సొమ్ము సుమారు మూడింతలు. ఇది 2006లో ప్రకటింపబడినది. తరువాతి పరీక్షలన్నిటను ఫలిత మొక్కతీరుగ రాలేదు గాని, కాగితపు కన్ను గూడ ఒక్కొక్కచోట మనుష్యుని సరిదిద్దగలదని తేలినది.

మఱి దుకాణపు పిల్ల భయమో? అదియు నిన్న మొన్న పుట్టినది కాదు. జెరెమీ బెంథాం అను ఆంగ్ల పండితుడు 1787లో రష్యాదేశమున తన తమ్ముని యొద్ద నుండెను. పనివాండ్రను ఒక్కచోట నుండి కనిపెట్టుటకు తమ్ముడు ఒక కర్మశాలను ఊహించగా, అన్న దానిని చెఱసాలకు అన్వయించి, 1791లో గ్రంథముగ ప్రకటించెను. వలయముగ గదులు, నడుమ ఒక బురుజు. బురుజులోని కావలివానికి గదులన్నియు కనబడును. తెఱలుండుటచే వాడు మాత్రము ఎవరికిని కనబడడు. ఇప్పుడు నన్ను చూచుచున్నాడా లేదా యని ఖైదీకి తెలియదు గనుక, ఎల్లప్పుడును చూచుచున్నట్లే నడచుకొనును. ఎవడును లేని ఉత్తబురుజైనను చాలును! చూడుడు, ఈ యూహ మొట్టమొదట పుట్టినది దొంగల కొఱకు కాదు, పనివారి కొఱకు.

నడుమ బురుజు అనగానే రాయలసీమ స్త్రీలకు తమ యూరు జ్ఞప్తికి వచ్చును. ఈ ప్రాంతపు పెక్కు పాతయూళ్లలో నేటికిని గుండ్రని రాతిబురుజులు నిలిచియున్నవి. పెన్న వెంబడి ఎగువకు పోయి జమ్మలమడుగు చేరి, అచ్చటినుండి గండికోటకు పోవునప్పుడు ఆ తలపే నన్ను వెంబడించినది. గండికోట ఎఱ్ఱమల కొండలపైన నున్నది. పెన్న ఆ కొండలను నిలువున చీల్చుకొని పాఱును. గోడయంచున నిలిచి క్రిందికి చూచిన ఎఱ్ఱని బండల నడుమ నది పచ్చని పట్టీవలె కానవచ్చును. విజయనగరరాజుల సామంతులైన పెమ్మసాని నాయకు లేలిన దుర్గమిది. మాధవరాయస్వామి యాలయమును, జామియా మసీదును, ధాన్యాగారమును, చెఱసాలయును ఒకదాని కొకటి కూతవేటు దూరముననే యున్నవి.

నాయకుల యనంతరము గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఈ కోటను పట్టెను. ఫ్రాన్సుదేశపు రత్నవర్తకుడు టావెర్నియర్ 1652లో ఇచ్చటికి వచ్చి అతనిని దర్శించి వ్రాసిన సంగతి మిక్కిలి వింతయైనది. మీర్ జుమ్లా గుడారములో కూర్చుండి, కాలివ్రేళ్ల సందులలోను, ఎడమచేతి వ్రేళ్ల సందులలోను జాబులు పెట్టుకొని, ఒక్కొక్కటి తీసి జవాబులు చెప్పి వ్రాయించుచుండెనట. నేరస్థులను తీసికొని వచ్చిన అచ్చటనే విచారించుచుండెనట. నాలుగు దిక్కుల వార్తలు అతని వ్రేళ్ల సందులలో నుండెను. ఎంత కఠినుడైనను అతడు పదుగురి యెదుట కూర్చున్నవాడు. ఎవరు చదువుచున్నారో, ఎవరు తీర్పు చెప్పుచున్నారో జనులకు తెలియును.

ఊరి బురుజు సంగతి యింకను మేలు. పూర్వమీ సీమలో కావలి యను నేర్పాటుండెను. ఊరిని కాచువానికి రైతులు పంటలో భాగమో, రుసుమో యిచ్చెడివారు. ఊరిలో దొంగతనము జరిగినచో కావలికాడు ఆ సొత్తును పట్టి తేవలెను. తేలేనిచో దాని వెలను తానే యిచ్చుకొనవలెను. ఈ కట్టుబాటును అడ్డము పెట్టుకొని పాళెగాండ్రు జనులను పీడించిన మాటయు నిజమే. కుంఫిణీవారు 19వ శతాబ్దపు తొలినాళ్లలో ఆ పద్ధతిని ఎత్తివేసిరి. అయినను అందొక ధర్మమున్నది. చూచువాడు తన చూపునకు పూచీపడవలెను. బెంథాం బురుజులోని వానికిని, మన యూరి బురుజుపై తలారికిని గల భేదమంతయు ఇదియే. వాని నెవరును ఎఱుగరు. వీనిని ఊరంతయు ఎఱుగును. వాడు ఎవరికిని జవాబు చెప్పనక్కఱలేదు. వీడు తప్పినచో వీని గాదెలోని గింజలే పోవును.

జమ్మలమడుగు నుండి పులివెందులకు పోవు త్రోవలో ముద్దనూరు తగులును. అచ్చటి రైలుదారి మదరాసు నుండి వచ్చి రాయచూరు మీదుగ బొంబాయికి పోవు పాతమార్గము. రెండు వైపులనుండి వచ్చిన పట్టాలు 1871లో రాయచూరున కలిసినవి. అంతకు మున్ను ఎఱుకలవారు గాడిదలపైన, ఎద్దులపైన సముద్రతీరపు ఉప్పును లోపలి సీమకు తెచ్చి, ధాన్యమునకు మార్చుకొని జీవించెడివారు. ఎఱుకలసాని వచ్చి బుట్టలమ్మి, సోది చెప్పి పోవుట మన పెద్దలందఱును చూచినదే. రైలు ఉప్పును మోయ మొదలిడగానే వారి బ్రతుకుతెరువు సన్నగిల్లెను. ఆ 1871వ సంవత్సరముననే ఉత్తరదేశమున నేరస్థజాతుల చట్టము పుట్టినది. 1911లో దానిని మార్చి మదరాసు రాజధానికిని వర్తింపజేసిరి.

ఆ చట్టము క్రింద ఒక కులమున పుట్టుటయే నేరము. పేరు వ్రాయింపబడినవాడు నియమిత వేళలకు ఠాణాలో కనబడవలెను. ఊరు విడిచి పోవుటకు అనుమతి పొందవలెను. గుంటూరు సీమలో 1913లో వెలసిన స్టూవర్టుపురము వంటి స్థలములలో కుటుంబములకు కుటుంబములనే కట్టుదిట్టములలో నుంచిరి. పురుషుడు హాజరు చెప్పుటకు పోయిన రాత్రి పసిబిడ్డ జ్వరముతో నున్నను, ఆ యిల్లాలు ఒంటరిగనే వేగించుకొనవలసి యుండెను. ఎక్కడ దొంగతనము జరిగినను మొదటి చూపు వారి గుడిసెపైననే. ఈ చట్టము దేశమంతటను 1952 ఆగస్టు 31న రద్దయ్యెను. చట్టము పోయినను చూపు పోలేదు. నేటికిని బుట్టలమ్ము స్త్రీ వాకిట నిలిచినచో, మనలో ఎందఱము లోపలి తలుపు దగ్గఱకు వేయుటలేదు? ప్రభుత్వము మఱచిన అనుమానమును మన వాకిండ్లు ఇంకను మోయుచున్నవి.

పులివెందుల పేరు పులులమంద యను మాటనుండి వచ్చినదని స్థలజ్ఞులు చెప్పుదురు. గత శతాబ్దపు ఉత్తరార్ధమున ఈ సీమ ముఠాకక్షలచే మిక్కిలి నలిగినది. వాని చరిత్ర నేను చెప్పబోను. ఆ కాలమున స్త్రీలెట్లు మెలగిరో మాత్రము చెప్పెదను. మేము విడిసిన యింటి ముసలమ్మ అరుగుపై కూర్చుండి యిట్లనినది: "నా చిన్నప్పుడు బురుజు మింద తలారి ఉంటే అందరికీ నిద్ర పట్టేది మ్మా. వాడెవురో మాకు తెలుసు. మేమెవురో వానికి తెలుసు. కక్షలొచ్చినాక ఏ మిద్దె మింద ఎవురుండారో తెలీదు. గట్టిగా నవ్వాలంటే గూడా భయమే."

ఆమె చెప్పిన మఱికొన్ని సంగతులు విని నా మనస్సు కలతపడినది. ప్రొద్దు గ్రుంకకముందే వంట ముగించి దీపము తగ్గించెడివారట. నీళ్లకు పోవు స్త్రీ ఏ వీథిన పోయినది, ఎవరితో పలుకరించినది యను లెక్క ఎవరో తీయుచుందురని బిందెతో చుట్టుదారిన పోయెడివారట. పుట్టింటి వారు అవతలి పక్షమైనచో తల్లిని చూచుటకు పోవుట గూడ వార్తయే. పోట్లాడినవారు పురుషులు. మాటలు మ్రింగుకొన్నవారు స్త్రీలు. ఆ భయము తగ్గి యేండ్లు గడచినను, ముసలమ్మ ఇప్పటికిని అరుగుమీద మాటలాడునప్పుడు గొంతు తగ్గించుట నేను గమనించితిని.

ఇప్పుడు ఈ సీమలో కూడళ్లన్నిట కెమెరాలు వచ్చినవి. ఎన్నికల నాడు ఓటు వేయు గదిలోని దృశ్యమును అధికారులు దూరమునుండి చూచు వెబ్ కాస్టింగు ఏర్పాటుకూడ కలదు. దీని వలన బలవంతులు వెనుదీయుదురు. బలహీనులు, ముఖ్యముగ స్త్రీలు, ధైర్యముగ వరుసలో నిలుతురు. ఇది కావలికన్ను. అయితే ఆ గదిలోనే ఒక మూలను అట్టతెఱ యుండును గదా. దాని వెనుక మన మీట నొక్కునప్పుడు ఏ కెమెరాయు చూడరాదు, ఏ యధికారియు చూడరాదు, కట్టుకొన్న భర్తయు చూడరాదు. గదిని చూడవలెను, ఓటును చూడరాదు. చూపు ఎంతవఱకు రావలెనో, ఎచ్చట ఆగవలెనో ఇంత స్పష్టముగ తెలుపు స్థలము మఱొకటి నాకు తోచలేదు.

పులివెందుల సీమకు పోయినవారు వేంపల్లెకు చేరువనున్న గండి ఆంజనేయస్వామిని సేవింపక రారు. పాపఘ్నినది కొండను చీల్చుకొని వచ్చు చోటది. శ్రీరాముని రాకకై వాయుదేవుడు రెండు కొండల నడుమ బంగారు తోరణము కట్టెననియు, అది పుణ్యాత్ములకు అంత్యకాలము సమీపించినప్పుడు మాత్రమే కనబడుననియు చెప్పుదురు. సర్ థామస్ మన్రో ఆ త్రోవన పోవుచు తోరణమును చూచెనని కథ. ఆయన 1827 జూలై 6న పత్తికొండలో కలరా సోకి మరణించిన మాట చరిత్ర. 1800 నుండి 1807 వఱకు ఆయన ఈ దత్తమండలములకు ముఖ్య కలెక్టరుగ నుండి, గుడారములలో బసచేయుచు ఊరూర పొలములను కొలిపించెను. ప్రభుత్వపు కన్ను ప్రతి చేనిపైనను పడినది ఆయన కాలముననే. పన్నుల భారమును తక్కువది కాదు. 1807లో నాలుగవవంతు తగ్గింపవలెనని ఆయనయే ప్రభుత్వమునకు వ్రాసెను. అట్టివానికి జనులు పుణ్యాత్ములకే కనబడు తోరణమును ఏల చూపించిరి? చూచుటకు వచ్చినవాడు తానును కనబడినాడు. గుడారము ముందఱ నిలిచి రైతు తన మొఱ చెప్పుకొనగలిగినాడు. కనబడు కన్నును జనులు క్షమింతురు, ఒక్కొక్కప్పుడు ప్రేమింతురు గూడ.

ఇంతకును ఈ విచారమంతయు రాజులకు, పోలీసులకు మాత్రమే చెందినదా? కాదు. నేడు ప్రతి యింటను ఒక చిన్న బురుజు లేచినది. కోడలు ఎచ్చటికి పోయినదో సెల్‌ఫోనులో చూచుకొను అత్తయు, భార్య ఎవరితో మాటలాడినదో చాటుగ చదువు భర్తయు, కళాశాలకు పోయిన కూతురి జాడను గడియగడియకు వెదకు తండ్రియు కలరు. మంచికే యని వారందురు. రామాయణమున భద్రుడు ఊరిమాట తెచ్చి రామునికి చెప్పెను. చెప్పుటలో అతని తప్పు లేదు, రాజు అడిగినాడు. కాని ఆ మాట ఎవరిని గూర్చినదో ఆ సీతను ఒక్కరును ఒక్కమాట అడుగలేదు. చాటుచూపు తెచ్చు వార్తలో లోపమదియే. చూడబడినవారికి నోరుండదు.

న్యాయస్థానములు గూడ ఈ సంగతిని మెల్లమెల్లగ గ్రహించినవి. ఖరక్ సింగ్ అను నతని వ్యాజ్యములో 1962లో సుప్రీంకోర్టు, రాత్రివేళ పోలీసులు ఇంటికి వచ్చి తలుపు తట్టి చూచు పద్ధతిని కొట్టివేసినది. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు, ఆంతరంగిక జీవనము ప్రతి పౌరుని ప్రాథమికహక్కని ఏకగ్రీవముగ తీర్పుచెప్పిరి. పౌరుడనగా పురుషుడు మాత్రమే కాదు. ఇంటిలోని కోడలును, కూతురును, ఊడిగము చేయు పనిమనిషియు పౌరులే.

కావున సోదరీమణులారా, మన యింట గాని వీథిలో గాని ఒక కన్ను నిలుపునప్పుడు మూడు ప్రశ్నలు వేసికొందము. చూచువారెవరో చూడబడువారికి తెలియునా? ఆ చూపు ఎవరి మేలుకొఱకు? తప్పుగ చూచి తప్పుగ తలచినచో, చూచినవారు పూచీపడుదురా? ఈ మూడింటికిని సరియైన జవాబున్న కన్ను బురుజుమీది తలారి వంటిది. దానిక్రింద నిదుర పట్టును. జవాబు లేనిది పొంచినకన్ను. దానిక్రింద దొంగయే కాదు, దొరయు దొంగవలె నడచుకొనును. బిడ్డ చేతికి ఫోను ఇచ్చినచో, ఏమి చూచెదమో ఏమి చూడమో బిడ్డకు ముందుగనే చెప్పుదము. పనిమనిషి తిరుగు చోట కెమెరా పెట్టినచో ఆమెకు చూపించి పెట్టుదము. దుకాణమునకు పోయినప్పుడు నిలుచున్న పిల్లను కూర్చుండుమని యజమాని వినునట్లుగ చెప్పుదము.

మా వారు ఏటేట పరీక్షలకు కావలి యుండు బడిపంతులు. కాపీ కొట్టనివారు రెండు తెఱగులని ఆయన యందురు. కావలివాని వైపు చూచువారు కొందఱు, కాగితము వైపు చూచువారు కొందఱు. ఆదిపర్వమున శకుంతల దుష్యంతునితో నిండు సభలో చెప్పిన దిదియే గదా. ఎవరును చూడలేదని తలచువాని నడవడిని సూర్యచంద్రులును, రేయింబవళ్లును, వాని హృదయమును ఎఱుగును. అరణ్యమున ఎవరును లేనప్పుడు ఇచ్చిన మాటను గూర్చి, ఒక స్త్రీ రాజునే నిలువదీసి యడిగినది. బిడ్డల హృదయములో అట్టి సాక్షిని నిలుపుట తల్లుల చేతిలోని పని. ఆ సాక్షి నమ్మకమున పెరుగును, అనుమానమున పెరుగదు.